ఖర్చు నాయనది, డిగ్రీ మనది

బీఎస్సీ అగ్రి అయిపోయి ఆళ్లగడ్డలో ఉన్నారా? నంద్యాల సీడ్ కంపెనీ ఏదో ఫీల్డు ఉద్యోగానికి రమ్మంటోందా? తొందరపడొద్దు. అగ్రి బిజినెస్‌లో ఎంబీఏ చేయండి. రెండేళ్లు ‘ఏం చేస్తున్నావురా’ అని ఎవరూ అడగరు. ఆ నెమ్మది ఎంత డబ్బు పోసినా దొరకదు. కాకపోతే చేరేముందు ఇంట్లో లెక్క అడుగుతారు. అది మనకు అనుకూలంగా తేలాలి.

1. లెక్క మీరే వేయండి. ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి 8 లక్షలు అనుకుని, అక్కడితో గీత గీసేయండి. కొందరు చాదస్తులు ఇంకా కిందికి పోతారు. ఈ రెండేళ్లు నెలకు 20 వేల ఉద్యోగం చేసుంటే 4 లక్షల 80 వేలు వచ్చేవి కదా అంటారు. ఆ 8 లక్షలూ బ్యాంకు అప్పే కాబట్టి 10 శాతం చొప్పున చదివే రెండేళ్లకూ, ఆపైన కంతు కట్టక్కర్లేని గడువు ఏడాదికీ వడ్డీ 2 లక్షల 40 వేలంటారు. అంతా కలిపి 15 లక్షల 20 వేలు తేలుస్తారు. చదివాక జీతం 35 వేలైనా, పెరిగిన ఆ 15 వేలతో ఇది తీరడానికి ఎనిమిదేళ్లు దాటుతుందని కూడా చూపిస్తారు. వినొద్దు. రాని జీతం ఖర్చెలా అవుతుంది? చేతిలోంచి పోయేదే ఖర్చు. అది కూడా నాయన చేతిలోంచి.

2. రాబడి దగ్గర, కాలేజీ బ్రోచరు మొదటి పేజీలో ఫొటోతో వేసిన పెద్ద ప్యాకేజీ రాయండి. బ్యాచ్‌లో మిగతావాళ్లకు ఎంతొచ్చిందని అడగొద్దు. నోరుజారి అడిగినా జవాబు రాసుకోవద్దు.

3. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మేనేజ్ అనే సంస్థ ఉంది. 1996 నుంచి ఈ రెండేళ్ల చదువు చెబుతోంది. అక్కడే నార్మ్ అనే ఇంకో సంస్థ కూడా ఉంది. వాటికి క్యాట్ లాంటి పరీక్షలు రాయాలి. పరీక్ష పెట్టేచోట మనకేం పని? ఫోన్ చేసిన రోజే సీటిచ్చే కాలేజీ ఒకటి ఉండనే ఉంటుంది. దానికే అడ్వాన్సు కట్టండి.

4. మామూలుగా అప్పు 7 లక్షల 50 వేలు దాటితేనే బ్యాంకు ఆస్తి తాకట్టు అడుగుతుంది. అందుకే దాటించండి. ల్యాప్‌టాప్ కూడా అందులోనే కలపండి. ఆళ్లగడ్డ ఇంటి దస్తావేజులు బ్యాంకుకు చేరాక, చదువు మధ్యలో మానమని నాయన అనలేడు.

5. ఈ మాట మాత్రం ఇంట్లో ఎవరి చెవినా పడనీయొద్దు. 2002 నుంచి కేంద్రం అగ్రి క్లినిక్‌ల పథకం నడుపుతోంది. బీఎస్సీ అగ్రి వాళ్లకు 45 రోజుల శిక్షణ ఉచితం. ఆ తర్వాత ఒక్కొక్కరికి 20 లక్షల దాకా ప్రాజెక్టుకు బ్యాంకు రుణం, ప్రాజెక్టు ఖర్చు మీద 36 శాతం సబ్సిడీ. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం. చిన్నాయనకు తెలిసిందంటే మీ ఎంబీఏ అయిపోయినట్టే. నెలన్నరలో షాపు పెట్టించి, పొద్దున ఎనిమిదింటికల్లా షటరెత్తమంటాడు. పేపర్లో ఆ వార్త కనిపిస్తే ఆ పేజీతో బొరుగులు పొట్లం కట్టించండి.

6. ఇంటర్న్‌షిప్ దగ్గర చాలా జాగ్రత్త. నంద్యాల చుట్టుపక్కల పత్తి విత్తనం మడుల్లోకి పంపుతారు. అక్కడ సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గను గోటితో ఒలిచి, కేసరాలు తీసేసి, గుర్తుకు రంగు కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. క్రాసింగ్ అంటే ఇదే, సీజనంతా రోజూ ఇదే. పెట్టుబడికి కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజరు అడ్వాన్సిస్తాడు, విత్తనం కంపెనీకి పోతుంది, జీఓటీ అనే విత్తన స్వచ్ఛత పరీక్షలో పాసైతేనే రైతుకు డబ్బు. ఫెయిలైతే పంటంతా రైతు నెత్తినే. అడ్వాన్సు మీద వడ్డీ ఎంత, ఆర్గనైజరు కమీషనెంత, జీఓటీ ఫలితం ఎన్నాళ్లకొస్తుంది: ఈ మూడూ తెలిస్తే అగ్రి బిజినెస్ సగం వచ్చేస్తుంది. అంత తొందరగా వచ్చేస్తే మిగతా కోర్సంతా ఏం చేస్తారు? కాబట్టి ఎరువుల షాపు మామ దగ్గరికి పోండి. ‘మామా, రెండు నెలలు నీ దగ్గరే చేసినట్టు రాసివ్వు’ అంటే లెటర్‌హెడ్ మీద రాసిస్తాడు. తేదీ మాత్రం ఖాళీగా వదలమనండి.

7. ప్రాజెక్టు రిపోర్టుకు ‘నంద్యాల జిల్లాలో శనగ మార్కెటింగ్’ అని పేరు పెట్టండి. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందటి సీనియర్ రిపోర్టు తెచ్చి, కర్నూలు జిల్లా అన్నచోటల్లా నంద్యాల జిల్లా అని మార్చితే సరికొత్త పరిశోధన. శనగలు గోదాములో పెట్టి ధర కోసం కాచుకున్న రైతును కలవొద్దు. అద్దె, వడ్డీ, పురుగు, తరుగు అంటూ ఒక పూట తినేస్తాడు. రైతుల సంతకాలు ఎడమచేత్తో మీరే పెట్టండి. పెన్నులు మారుస్తుండండి.

8. రంగా వ్యవసాయ వర్సిటీ కింద నంద్యాలలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది. మిషనుతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ-47 శనగ అక్కడిదే. గేటు ముందు ఫొటో దిగండి. లోపలికి పోతే శాస్త్రవేత్తలు ప్రశ్నలడుగుతారు.

9. డిగ్రీ చేతికొచ్చాక వచ్చే ఉద్యోగం చాలాసార్లు అప్పుడు వదిలేసిన ఉద్యోగంలాగే ఉంటుంది. బైకు, డీలర్లు, బాకీ వసూళ్లు, నెల టార్గెట్టు. ఎంబీఏ చేసి ఎండలో తిరుగుతామా? ఊరు దూరమనండి. మేనేజరు ఉత్త బీఎస్సీ వాడేననండి. ఈలోగా చేతిఖర్చులకు మీ బీఎస్సీ సర్టిఫికెట్‌ను పురుగుమందుల షాపుకు అద్దెకివ్వండి. లైసెన్సుకు అగ్రి లాంటి చదువున్నవాడి పేరు వాళ్లకు కావాలి. కూర్చున్నచోటికే డబ్బొస్తుంది. నకిలీ మందు పట్టుబడితే నోటీసు మీ పేరునే వస్తుంది. పోస్టులో వస్తే తీసుకోవద్దు, ఊళ్లో లేరని చెప్పించండి.

10. గడువు తీరేసరికి బాకీ 10 లక్షల 40 వేలు. పదేళ్లకు వేస్తే కంతు నెలకు సుమారు 13,700. కట్టొద్దు. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అవుతుంది. అప్పుడు బ్యాంకువాళ్లే ఇంటికొస్తారు. మీరు నంద్యాల దాకా బస్సెక్కే పని తప్పుతుంది. వచ్చినవాళ్లకు మజ్జిగ ఇప్పించి, పీహెచ్‌డీకి అప్లై చేశానని చెప్పండి. ఇంకో మూడేళ్లు గడువు అడగొచ్చు.