గార ఉన్న నోటిదే రాజ్యం

"కాకా, జర నీ నోరు గావాలె" అని ఫోన్ చేసింది మా అన్న బిడ్డ.

ముప్ఫయ్యేళ్ళ నించి పేపర్లకు రాస్తున్నాను. నా నోరు మూయించాలని చూసినవాళ్ళున్నారు గానీ కావాలని అడిగినవాళ్ళు లేరు. లోపల్లోపల పొంగిపోయి, "ఏమన్న మీటింగున్నదా బిడ్డా?" అన్నాను.

"మీటింగ్ గాదు కాకా, కేసు. నాకింక పదకొండు కేసులు తక్కువున్నయ్. నువ్వు పండ్లు సక్కగ తోముకోవని చిన్నమ్మ చెప్పింది."

నా మీద కేసు, అందులో మా ఆవిడ సాక్ష్యం. ఇక తప్పించుకునే దారేది?

మా పిల్ల చదివేది డెంటల్ హైజీనిస్ట్ కోర్సు, రెండేళ్ళది. కాలేజీ పేరు చెప్పను, ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉంటుందంటే చాలు. "పండ్ల డాక్టరా?" అని వాడకట్టు వాళ్ళు అడిగితే కాదంటుంది. "నర్సా?" అంటే కాదంటుంది. "మరేంది?" అంటే నీళ్ళు నములుతుంది. పిల్ల తప్పేం లేదు, చట్టం కూడా అట్లాగే చెప్పింది. 1948 నాటి డెంటిస్టుల చట్టం ప్రకారం హైజీనిస్టంటే దంతవైద్యుడూ కాకుండా, మామూలు వైద్యుడూ కాకుండా, పళ్ళ మీది గార తీసి, శుభ్రం చేసి, మెరుగు పెట్టే మనిషి. లేదా నోటి శుభ్రత ఎట్లాగో నేర్పే మనిషి. ఆ "లేదా" దగ్గర ఒక వేలు పెట్టి ఉంచండి, మళ్ళీ వస్తాను. మా వదిన మాత్రం చట్టం జోలికి పోకుండా "చిన్న డాక్టరు" అని చెప్పుకుంటోంది. సంబంధాలు చూస్తున్నారు మరి.

ఢిల్లీలో ఆ చట్టం వచ్చింది 1948 మార్చిలో. అప్పటికి మా మెదక్ ఇంకా నిజాం కిందే ఉంది. సెప్టెంబరులో మేం భారతదేశంలో కలిశాం గానీ హైజీనిస్టు మాత్రం మాలో కలిసిన జాడ లేదు. కనీసం నా కంట ఒక్కరూ పడలేదు. మా ఊరికి ఏదైనా నింపాదిగానే వస్తుంది లెండి. జిల్లాకు పేరు మాది, కలెక్టరాఫీసు సంగారెడ్డిది అన్నట్టు దశాబ్దాలు గడిచాయి. ఆ ఆఫీసు 2016లో మాకొచ్చింది. అక్కన్నపేట నించి పదిహేడు కిలోమీటర్ల పట్టాలు దాటుకుని రైలు 2022లో వచ్చింది. మెడికల్ కాలేజీ 2024లో వచ్చింది. చర్చి ఒక్కటే తొందరపడి 1924లోనే పూర్తయింది, అదీ కరువులో జనానికి కూలీ దొరకాలని కట్టించిన దొర పుణ్యమా అని. ఈలోగా 2023లో పాత దంత చట్టం స్థానంలోకని కొత్తది పాస్ చేశారు. దంత కౌన్సిల్ బదులు కమిషన్ అన్నారు. కమిషన్ అంటే మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది గనక అదొక సుఖం.

హైజీనిస్టు లేకపోతే గార ఎవరు తీస్తున్నారంటే, డాక్టరే. నాలుగేళ్ళు చదివి, ఏడాది హౌస్ సర్జన్ చేసి, అప్పు తెచ్చి క్లినిక్ పెట్టిన బీడీఎస్ కుర్రాడు పొద్దుటి నించి సాయంత్రం దాకా రెండేళ్ళ కోర్సు వాళ్ళు చేసే పనే చేస్తుంటాడు. ఇదే బీడీఎస్ పట్టుకుని అమెరికా పోతే ఫ్లోరిడా రాష్ట్రంలో హైజీనిస్టు లైసెన్సుకు కూచోవచ్చు. ఇక్కడ గార గీకితే చిన్నతనం, అక్కడ గీకితే డాలర్లు. గార ఒకటే.

సరే, నోరు పట్టుకుని పోయాను.

మా పిల్ల అంతకుముందు బొమ్మ తల మీద చెయ్యి తిప్పుకుంది. ఇనుప కడ్డీకి బిగించిన తల, రబ్బరు బుగ్గలు, ప్లాస్టిక్ పళ్ళు. ఆ తలకు ఉమ్ము ఊరదు, నాలుక అడ్డం రాదు, మధ్యలో ఫోన్ మోగదు, "ఎంతసేపమ్మా?" అని అడగదు. తరవాత పిల్లలు ఒకరి నోట్లో ఒకరు నేర్చుకున్నారు. ఆపైన చుట్టాలు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు కదా, మన రాయైతే కాస్త మెల్లగా తగులుతుందని నా ఆశ.

ముందు ఏదో రంగు నీళ్ళు పుక్కిలించమంది. పాచి ఎక్కడుంటే అక్కడ ఎర్రగా పట్టుకుంటుందట. అద్దం చేతికిచ్చింది. పాతికేళ్ళు పాన్ డబ్బా మీద కూచున్నవాడి నోరు కూడా అట్లా ఉండదు. నోరెళ్ళబెడదామంటే అప్పటికే తెరిచే ఉంది.

తరవాత లెక్క. గీతలు గీసిన సన్నటి పుల్లలాంటిదాన్ని చిగురుకూ పంటికీ నడుమ దింపి లోతు కొలుస్తారు. పంటికి ఆరు చోట్ల. నాకు మిగిలినవి ఇరవై తొమ్మిది, అంటే నూట డెబ్భై నాలుగు అంకెలు. మా పిల్ల చెప్తుంటే పక్కన స్నేహితురాలు రాసుకుంటోంది. "మూడు, రెండు, మూడు. మూడు, మూడు, నాలుగు." మూడు దాకా మంచి చిగురు, నాలుగు నించి అనుమానం. దానమిచ్చిన ఆవుకు పళ్ళు చూడకూడదంటారు; ఇక్కడ ఆవే వచ్చి కుర్చీలో పడుకుంటే పళ్ళు చూడటమే పరీక్ష. నేను గమనించిందేమిటంటే, "రెండు" అన్నప్పుడు రాసే పిల్ల ఆవలిస్తోంది. "నాలుగు" అంటే కళ్ళు తెరుస్తోంది. వెనక దవడ దగ్గర "ఐదు" వినబడగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు, రిజల్ట్స్‌లో నంబరు కనబడ్డట్టు.

కింది ముందు పళ్ళ లోపలి వైపు అద్దం పెట్టి చూసి, "అబ్బ, గీడ మస్తున్నది కాకా!" అంది. నన్ను అంత ప్రేమగా ఎవరూ మెచ్చుకోలేదు. నాలుక కిందనే లాలాజలం ఊరే రంధ్రాలుంటాయట. అందులోని సున్నపు సరుకు పాచిని తడిపి తడిపి రాయి చేస్తుందట. అందుకే గార ఎక్కువగా పట్టేది అక్కడే, అద్దంలో మనకు కనబడని చోట. మా పిల్ల ఉంగరం వేలు పక్క పంటి మీద ఆనించి, కొక్కెం పట్టుకుని, కింది నించి పైకి లాగడం మొదలుపెట్టింది. స్లేటు మీద విరిగిన బలపం గీసినట్టు తల లోపల శబ్దం. నోట్లో వేలు పెట్టినా కొరకలేనివాడని ఊళ్ళో నా మీద ఒక మాటుంది. ఆ రోజు రెండు గంటలపాటు రుజువు చేసుకున్నాను.

మేడమొచ్చి, సన్నటి ముల్లుతో తడిమి, "ఇక్కడ ఇంకా ఉంది" అని వెళ్ళిపోయింది. మళ్ళీ గీకుడు. మళ్ళీ మేడం. మూడోసారికి సంతకం పడింది. అప్పుడు మా పిల్ల ప్లాస్టిక్ దవడ ఒకటి తీసి, బ్రష్షు చిగురు వైపు ఏటవాలుగా ఎట్లా ఆనించాలో చూపించబోయింది. "అది తరవాత, నెక్స్ట్ పేషెంట్!" అని కేక. లాగ్‌బుక్కులో గార తీసినందుకు గడి ఉంది. నేర్పినందుకు లేదు. చట్టంలో "లేదా" దగ్గర వేలు పెట్టి ఉంచమన్నాను కదా, ఇక తీసేయొచ్చు.

ఇంటికొస్తే మా ఆవిడ, "క్లీనింగ్ చేపిస్తే పండ్లు కదుల్తయని చెప్తనే ఉన్న" అంది. నిజంగానే సందులు కనబడుతున్నాయి. ఆ సందుల్లో ఇన్నాళ్ళూ సిమెంటు పోసి ఉంచింది గారే. కూలిపోయే గోడను సున్నం పట్టుకుని నిలబెడితే, తప్పు సున్నం గీకినవాడిదట.

ఈ చదువుకు ఆద్యుడు అమెరికాలో ఫోన్స్ అనే దంతవైద్యుడు. కనెక్టికట్‌లోని బ్రిడ్జిపోర్టు ఊళ్ళో 1906లో ఆయన మొదట తర్ఫీదిచ్చింది తన దగ్గర పనిచేసే అమ్మాయికి, ఐరీన్ న్యూమన్. వరసకు చుట్టమే. 1913లో తొలి బడి పెట్టింది ఒక గ్యారేజీలో. పిల్లలు ముందు బొమ్మల మీద, ఆ తరవాత మనుషుల నోళ్ళలో నేర్చుకున్నారు. చదువయ్యాక ఆయన వాళ్ళను పంపించింది ఊరి బడులకు. పిల్లల పళ్ళు తోమడమూ, తోముకోవడం నేర్పడమూ రెండూ పనే. చుట్టం, బొమ్మ, మనిషి వరకు మనం ఆయన్ని తు.చ. తప్పకుండా పాటించాం. బడి దగ్గర బస్సు దిగిపోయాం.

కేసుల వేట ఎట్లుంటుందో మా పిల్ల చెప్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆటోవాళ్ళు, వాచ్‌మన్లు, హాస్టల్ వంటమనిషి, ఆమె మరిది. ఖైనీ నమిలేవాళ్ళంటే మరీ గిరాకీ. తనిఖీ వస్తుందంటే ఊళ్ళమీదికి బస్సు వెళ్తుంది. కళ్ళద్దాలిస్తారని ఎవరో అంటే ఒక ముసలమ్మ ఎక్కింది. పొద్దున ఒక పిల్ల గార తీసింది, మధ్యాహ్నం ఇంకో పిల్ల మళ్ళీ కూచోబెట్టింది. "పొద్దుగాల తీసిన మన్ను మల్ల యాడికెల్లొస్తది బిడ్డా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఒకాయన పళ్ళు మొత్తం గోధుమరంగు. మా పిల్ల పెద్ద కేసు దొరికిందని ఎగిరి గంతేసింది. గంట గీకినా చుక్క రాలలేదు. అది ఫ్లోరైడు. చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే బోరు నీళ్ళు రాసిన రాత, పింగాణీ లోపలిది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటొద్దని రాసి పెట్టిన లెక్క ఆయన ఊరి బోరుకు ఎవరూ చదివి వినిపించినట్టు లేదు. మన భాషలో రెండూ గారే. కాకపోతే ఒకటి మన నిర్వాకం, ఇంకొకటి సర్కారుది. సర్కారుది గీకితే పోదు.

ఇక పరీక్ష. దానికి అల్లాటప్పా నోరు పనికిరాదు, దండిగా గార ఉన్న నోరు కావాలి. ఇది మన దగ్గరి గోలే అనుకునేరు. అమెరికాలోనూ లైసెన్సు పరీక్షకు అభ్యర్థులే నోరు వెతికి తెచ్చుకునేవాళ్ళు. గార చాలకపోతే ఆ నోరు చెల్లదు. కోవిడ్ వచ్చాక గానీ బొమ్మ తలతో పరీక్ష పెట్టొచ్చని వాళ్ళకు తట్టలేదు. శుభ్రత చదివిన పిల్లలు మురికి కోసం దేవుడికి మొక్కుకునే చదువు ప్రపంచంలో ఇదొక్కటేనేమో.

మా పిల్లకు దేవుడు మా వాడకట్టులోనే దొరికాడు. రిటైర్డ్ హెడ్మాస్టరు సారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు, దానికి తగ్గ గార. సెలవుకొచ్చినప్పుడు అద్దం పెట్టి చూసి మూగబోయింది. ఈ సంగతి ఎట్లా పొక్కిందో, తన క్లాసు పిల్ల ఇంకొకతి సారుకు ఫోన్ చేసి రానుపోను చార్జీలు, మధ్యాహ్నం బిర్యానీ ఇస్తానందట. సారు మాట తప్పలేదు. "ముందుగాల అడిగింది నువ్వు బిడ్డా" అన్నాడు. ఆ మంచితనానికి మా పిల్ల కరిగిపోయి, లాగ్‌బుక్కులో గడి లేకపోయినా అరగంట కూచుని అన్నీ వివరించింది. బ్రష్షు ఎట్లా పట్టుకోవాలి, రాత్రి పూట ఎందుకు తోముకోవాలి, ఆర్నెల్లకోసారి క్లీనింగ్ ఎందుకు చేయించుకోవాలి. సారు నోటుబుక్కు తెచ్చి రాసుకున్నాడు.

పరీక్ష ముందు రోజు సాయంత్రం గుర్తు చేద్దామని పోతే సారు గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చాడు. పళ్ళు తళతళలాడుతున్నాయి. "పెద్ద పెద్ద డాక్టర్లుండే కాడికి, ఆడపిల్ల ఎంబడి, గంత ఖరాబు నోటితోని ఎట్ల పోవాలె బిడ్డా? నువ్వు చెప్పినట్టే పొద్దున రాందాస్ చౌరస్తాల క్లీనింగ్ చేపిచ్చుకున్న." హోంవర్కు చేసి చూపించిన పిల్లాడి మొహం ఆయనది. మా పిల్ల అక్కడే మెట్ల మీద కూలబడింది.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "కాకా, జర నీ నోరు గావాలె. రేపు పొద్దుగాలకే." గొంతులో ఏడుపు. "పోయినేడాది నేను తీసినంక ఏమన్న చేపిచ్చినవా?"

"ఏం చేపియ్యలే బిడ్డా, నీ మీదొట్టు. నాలుగు రోజుల సంది జరంతోని పన్నే తోమలే."

"సల్లగుండు కాకా!" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఆవిడ మొదటిసారి నా బ్రష్షు దాచిపెట్టింది.

ఇప్పుడు జేబీఎస్ పోయే మొదటి బస్సులో కూచుని ఇది రాస్తున్నాను. పక్క సీటాయన మర్యాదస్తుడు. "ఎందాక సార్, పట్నమేనా?" అని అడిగాడు. అవునని, మా పిల్ల పరీక్షకని, నేనే ప్రశ్నపత్రమని వివరంగా చెప్పాను. అంతా విని, తల అవతలికి తిప్పి, కిటికీ పూర్తిగా తెరిచాడు.