పిస్తోలు చూపులు

సగటు తెలుగువాడి తుపాకీ చదువు దీపావళి రీలు తుపాకీతో మొదలై సినిమాహాల్లో పూర్తవుతుంది. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టి గుర్రమెక్కాక, ఆరు తూటాల తుపాకీలోంచి ఎన్ని తూటాలైనా వస్తాయని ఒక తరం తరమంతా నమ్మేసింది. ఊళ్ళోకి పిట్టలదొర వచ్చేవాడు. పాత ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ, నోటినిండా కోతలు. ఆ కట్టె తుపాకీ ఎవరి ప్రాణమూ తియ్యలేదు, అది వేరే సంగతి. ఇంతపాటి చదువుతో అమెరికా వెళ్ళి, వీసా మీద ఏళ్ళు నెట్టుకొచ్చి, గ్రీన్‌కార్డు సాధించి, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కట్టుకుని, ఒకానొక శుభదినాన పిస్తోలు కొనాలని సంకల్పించిన ఇంటాయన ఒకడున్నాడు. పేరు అనవసరం. ఫ్రిస్కో, ప్లేనో, ఐర్వింగ్‌లలో అలాంటివాళ్ళు వీధికొకరు తగులుతారు.

సంకల్పం పుట్టింది ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీలో, బిర్యానీకీ గులాబ్‌జామ్‌కీ మధ్య. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయిందట అన్న మాట వచ్చింది. ఆ మాటలో అబద్ధం లేదు. బంగారం కోసం భారతీయుల ఇళ్ళే చూసి దోచే ముఠాల గురించి అమెరికాలో పలు ఊళ్ళ పోలీసులు హెచ్చరించారు. కాకపోతే ఆ ముఠాలు ఎక్కువగా వచ్చేది ఇంట్లో ఎవరూ లేనప్పుడు. అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2003 నుంచి 2007 దాకా ఇళ్ళ దొంగతనాలు లెక్కగట్టి చూస్తే, ఇంట్లో మనిషి ఉండగా జరిగినవి 28 శాతం లోపే. మిగతావి జరిగినప్పుడు కుటుంబమంతా గుళ్ళోనో గృహప్రవేశంలోనో ఉంటుంది, దొంగ ఇంట్లో ఉంటాడు, పిస్తోలు కూడా ఇంట్లోనే ఉంటుంది. అంటే దొంగకి వడ్డాణంతోపాటు అదీ దక్కుతుంది. ఈ సంగతి పార్టీలో ఎవరూ ఎత్తలేదు. గులాబ్‌జామ్ వచ్చేసింది.

సాఫ్ట్‌వేర్ మనిషి కనక ఇంటాయన ఎక్సెల్ షీటు తెరిచాడు. ధర, బరువు, గొట్టం పొడవు, మేగజీన్‌లో పట్టే తూటాలు, యూట్యూబ్ పెద్దల మార్కులు, అన్నిటికీ తలో రంగు. ఇల్లు కాపలాకీ, శనివారం షూటింగ్ రేంజ్‌లో కాల్చుకోవడానికీ రెండింటికీ ఒకటే కావాలి.

మొదట తూటా సైజు పంచాయితీ. ఆయన మనసంతా .45 మీద. ఆ సైజు తూటాతో జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన 1911 పిస్తోలుని అమెరికా సైన్యం ఆ ఏడాది నుంచి 1985 దాకా అధికారికంగా మోసింది, హాలీవుడ్ ఇంకా మోస్తూనే ఉంది. కానీ బరువు కిలో పైమాట, మేగజీన్‌లో ఏడే తూటాలు. మరి పోలీసులంతా వాడే 9 ఎంఎం మాటేమిటి? దానికో కథ ఉంది. 1986లో మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఒక 9 ఎంఎం తూటా దొంగ ఒంట్లోకి దిగి కూడా గుండె దాకా వెళ్ళకుండా ఆగిపోయిందని తేల్చి, నేరం చాలావరకు ఆ తూటా నెత్తిన రుద్దారు. ఎఫ్‌బీఐ 10 ఎంఎంకి మారింది. పేలినప్పుడు అది చేతిని తన్నే తన్నుకి చాలామంది ఏజెంట్లు తట్టుకోలేకపోయారు. 1990లో మధ్యేమార్గంగా .40 వచ్చింది. ఈలోగా తూటాల తయారీ బాగుపడింది. 2010ల మధ్యకి వచ్చేసరికి ఎఫ్‌బీఐ ఊరంతా తిరిగి మళ్ళీ 9 ఎంఎం గుమ్మంలోకే వచ్చింది. తన్ను తక్కువ, మేగజీన్‌లో ఎక్కువ పడతాయి, 50 తూటాల డబ్బా చౌక. వారం వారం డబ్బాలు ఖాళీ చెయ్యదలచినవాడికి ఈ మూడోదే అసలు కారణం. .45 గడికి ఇంటాయన బరువైన మనసుతో ఎరుపు రంగు పూశాడు.

ఎక్సెల్ తీర్పు గ్లాక్ 19. ఈ గ్లాక్ పుట్టుక కూడా ముచ్చటైనదే. ఆస్ట్రియాలో గాస్టన్ గ్లాక్ అనే ఆయన కర్టెన్ కడ్డీలూ కత్తులూ చేసుకుంటూ ఉండేవాడు. పిస్తోలు ఎలా చెయ్యకూడదో చెప్పేవాళ్ళు చుట్టూ లేకపోవడమే కలిసొచ్చిందేమో, 1982లో ఆస్ట్రియా సైన్యం ఆయన మొదటి పిస్తోలునే తీసుకుంది. అది గ్లాక్ 17. దాన్ని కాస్త కుదించి 15 తూటాలతో 1988లో తెచ్చింది 19. ఒంటికి ప్లాస్టిక్ జాతి చట్రం, పైన ఉక్కు స్లైడ్. పక్కన నొక్కే సేఫ్టీ మీట ఉండదు. అది ట్రిగ్గర్‌లోనే ఇమిడి ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే తప్ప పేలదు. నొక్కితే మాత్రం మొహమాటపడదు.

ఇక చూపులు. రేంజ్ ఉన్న దుకాణాల్లో పిస్తోళ్ళు అద్దెకిస్తారు, కాల్చి చూసి కొనుక్కోవచ్చు. ఇది అమెరికావాళ్ళు చేసిన తెలివైన పనుల్లో ఒకటి. ఇంటావిడ కూడా వచ్చింది, ‘ఇంట్లో పెట్టేది నేనూ చూడాలిగా’ అంటూ. కౌంటర్ వెనక కుర్రాడు ఆమె చేతులు చూసి, చిన్న చేతులకి చిన్న పిస్తోలంటూ సిగ్ పీ365 ముందు పెట్టాడు. 2018లో వచ్చిన ఆ బుల్లి పిస్తోలు నడుముకి దోపుకుని తిరిగేవాళ్ళ కోసం పుట్టింది. ఇంట్లో పెట్టెలో ఉండేదాన్ని ఎవరికి కనపడకుండా దాచాలి? పైగా పిస్తోలు ఎంత తేలికైతే తన్ను అంత గట్టిగా తెలుస్తుంది. మొదటిసారి కొనేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ఇంటావిడ ఒక్కటి కాల్చి, కింద పెట్టి, ‘ఏవండీ, దీనికి నేను నచ్చలేదు’ అంది.

స్లైడ్ వెనక్కి లాగడం ఇంకో గండం. రెండు వేళ్ళతో గిల్లినట్టు లాగితే కదలదు. రేంజ్‌లో కాల్చడం నేర్పే ఆయన చూపించాడు: ఎడమ అరచేతిని స్లైడ్ మీద బోర్లించి గట్టిగా పట్టుకోవాలి, కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యాలి. ఇంటావిడ ఆ మాట వింది, స్లైడ్ వచ్చింది. ఇంటాయన వినలేదు. పైగా సినిమాలో మాదిరి రెండో చేతి బొటనవేలు స్లైడ్ వెనక పెట్టాడు. కాల్చగానే స్లైడ్ వెనక్కొచ్చి ఆ వేలి చర్మం కొంత తీసుకుపోయింది.

అది మరిచిపోయేలోగా, బయటికెగిరిన వేడి ఖాళీ తూటా ఒకటి వచ్చి ఆయన వీ-నెక్ చొక్కాలో పడింది. ఇలాంటప్పుడు ఒక వరస ఉంది: వేలు ట్రిగ్గర్ మీంచి తియ్యాలి, గొట్టం గురి వైపే ఉంచాలి, పిస్తోలు బల్లమీద పెట్టాలి, అప్పుడు గెంతాలి. రేంజ్‌కి మెడదాకా మూసిన చొక్కా వేసుకోమని చెప్పేది ఇందుకే. ఇంటాయన వరస తప్పకుండానే గెంతాడు, ఆ మాత్రం మెచ్చుకోవాలి.

గురి కాగితం దగ్గరికి లాగి చూస్తే ఆయన తూటాలన్నీ మధ్యలోంచి దిగజారి, ఎడమ పక్కన కింద గుమిగూడాయి. ‘సైట్లు వంకరగా ఉన్నాయి’ అన్నాడు. నేర్పే ఆయన వాదించలేదు. మేగజీన్‌లో అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలిపి ఇచ్చాడు, ఎక్కడుందో చెప్పకుండా. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ మంది. పేలుడు లేదు, తన్ను లేదు, అయినా గొట్టం ముక్కు జానెడు కిందికి వంగింది. చప్పుడుకి ముందే బెదిరి చెయ్యి నొక్కేస్తోందన్నమాట. కుడిచేతివాటం వాళ్ళకి ఇది మామూలు జబ్బే. ఇంటావిడ తూటాలు మాత్రం పిడికెడు మేరలో పడ్డాయి. ఆమె ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూడలేదు.

ఇద్దరికీ పిస్తోలు కుదిరింది కాని అది ఎక్సెల్ చెప్పింది కాదు. స్మిత్ అండ్ వెసన్ వారి ఎం అండ్ పీ 9. ఇంటావిడ దాన్ని విప్పి చూపించమంది. ఏ పిస్తోలైనా శుభ్రం చెయ్యాలంటే ముందు మేగజీన్ తియ్యాలి, ఆ తర్వాత స్లైడ్ లాగి లోపల గదిలో మిగిలిన తూటా తియ్యాలి. వరస తిరగబడితే, అంటే స్లైడ్ ముందు లాగి మేగజీన్ తర్వాత తీస్తే, లోపలికి కొత్త తూటా ఎక్కి కూర్చుంటుంది, మనం ఖాళీ అనుకుంటాం. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కి తీరాలి, ఆ ‘ఖాళీ’ పిస్తోళ్ళు పేలేది అప్పుడే. ఎం అండ్ పీలో ట్రిగ్గర్ ముట్టుకోకుండా విప్పే ఏర్పాటుంది. పిడి వెనక భాగం చేతి సైజుని బట్టి మార్చుకోవచ్చు. బొటనవేలి సేఫ్టీ మీట ఉన్న రకమూ దొరుకుతుంది. ‘ఈయన వంటింట్లో గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోతారండీ, మీట ఉన్నదే ఇవ్వండి’ అంది ఇంటావిడ తెలుగులోనే. కుర్రాడు అర్థమైనట్టే తల ఊపి, మీట ఉన్నదే తీశాడు.

కారులో కూర్చోగానే ఇంటాయన పులిహోర డబ్బా తెరిచాడు. ఇంటావిడ మూత వేసేసింది. తూటాల్లో సీసం ఉంటుంది, కాల్చిన చేతులకి అది అంటుకుంటుంది, సబ్బుతో కడుక్కోకుండా తింటే పులిహోరతోపాటు లోపలికి పోతుంది. రేంజ్ గోడ మీద ఇదంతా బొమ్మతో సహా రాసి ఉంది. ఆయన ఆ గోడకే ఆనుకుని నిలబడ్డాడు.

కొనే రోజున 4473 అనే ఫారం. నేరచరిత్ర ఉందా, మత్తుమందుల అలవాటుందా, కొనేది మీ కోసమేనా అని ప్రశ్నలు. తప్పు రాస్తే నేరం. వీటన్నిటికీ ఇంటాయన గడగడా జవాబిచ్చి పేరు దగ్గర ఆగిపోయాడు. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. ఈ ఫారానికి పొడి అక్షరం ఉంటే పక్కన ‘ఐఓ’ అని రాయాలి, అంటే అక్షరం మాత్రమే అని. మధ్యపేరు లేకపోతే ‘ఎన్ఎంఎన్’ అని రాయాలి. తాతముత్తాతల ఇంటిపేరుకి ఆంగ్లంలో ఇంత సంజాయిషీ ఆ కౌంటర్ మీద తప్ప ఎక్కడా ఇచ్చి ఉండడు. వివరాలు ఎఫ్‌బీఐకి వెళ్ళాయి. 1998లో మొదలైన ఈ తనిఖీ పద్ధతిలో ‘కానివ్వండి’, ‘ఆగండి’, ‘కుదరదు’ అని మూడే జవాబులు. ‘కానివ్వండి’ వచ్చింది.

ఇదే దుకాణంలో ఆయన స్నేహితుడికి మాత్రం చుక్కెదురైంది. హెచ్1బీ వీసా వాళ్ళకి తుపాకీ నిషేధం. అయితే చట్టంలో ఒక సందు ఉంది: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే కొనుక్కోవచ్చు. ఆ స్నేహితుడు పుట్టుశాకాహారి, ఇంట్లో బొద్దింకని కూడా చీపురుతో బయటికి సాగనంపే రకం. గ్రీన్‌కార్డు క్యూ ఎప్పటికి తెమిలేనో, ప్రస్తుతం ఆయన జింకల సీజన్ గురించి చదువుతున్నాడు.

పిస్తోలు సుమారు 500 డాలర్లు. చెవులకి మఫ్‌లు, కళ్ళద్దాలు, తూటాలు, క్లాసు ఫీజు, అన్నీ కలిపితే ఆ ధర దాటిపోయాయి. మఫ్‌లు షోకు కాదు. 9 ఎంఎం చప్పుడు 160 డెసిబెల్స్ దరిదాపు, 140 దాటితే ఒక్క దెబ్బకే చెవికి చేటు. అదీ బయట. పడగ్గదిలో పేలితే ఎలా ఉంటుందో ఇంటాయన ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆ ఆలోచన అక్కడితో ఆగలేదు. అమెరికా ఇళ్ళలో గదికీ గదికీ మధ్య ఉండేవి జిప్సం పలకల గోడలు. పిస్తోలు తూటా అలాంటివి నాలుగైదు దాటిపోగలదు. ఇంటి కాపలాకి వాడే, ముందు భాగం బోలుగా ఉండే ఖరీదైన తూటాలు కూడా గోడల దగ్గర పెద్దగా ఆగవు. పడగ్గది గోడ వెనక పూజగది, దాని వెనక అమ్మ గది.

నరసరావుపేట నుంచి అమ్మ వచ్చి మూడు వారాలైంది. వేసవిలో ఫ్రిస్కోలో అర్ధరాత్రి 2 అయితే నరసరావుపేటలో మధ్యాహ్నం 12:30, అన్నాలవేళ. కాబట్టి అమ్మ సరిగ్గా రెండింటికి లేచి, కోడలి నిద్ర చెడుతుందని లైటు వెయ్యకుండా, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచి, ఫ్రిజ్‌లో పెరుగు కోసం వెతుకుతుంది. చీకట్లో అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, గిన్నె చప్పుడు. ఇంటి కాపలా పుస్తకాల్లో వర్ణించిన దొంగ లక్షణాలన్నీ ఆమెలో ఉన్నాయి. ఎదుట ఉన్నదెవరో, వాళ్ళ వెనకేముందో తెలియకుండా కాల్చకూడదన్నది తుపాకీ క్లాసులో నేర్పే నాలుగు సూత్రాల్లో చివరిది. ఇంటాయన మర్నాడే మంచి టార్చిలైటు కొన్నాడు. ఇంకా తెలివైన పని ఇంటావిడ చేసింది. వంటింటి దారిలో మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించింది, అమ్మకి అందేలా పెరుగుని ఫ్రిజ్ మొదటి అరలోకి మార్చింది.

సేఫ్ గురించి మాత్రం ఎవరూ నవ్వలేదు. 2021లో అమెరికాలో తుపాకీ చావులు 48,830. వాటిలో సగానికి పైగా ఆత్మహత్యలే, దొంగలకి సంబంధం లేనివి. టెక్సాస్ చట్టం ప్రకారం 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా తూటాలున్న తుపాకీ వదిలితే నేరం. ఇంట్లో పదేళ్ళ పిల్ల ఉంది, తాళాల్ని, పాస్‌వర్డుల్ని చదువుకంటే శ్రద్ధగా పరిశీలించే పిల్ల. అందుకని ఎక్సెల్‌లో కొత్త షీటు తెరిచారు. ఈసారి నింపింది ఇంటావిడ. మంచానికి బోల్టుతో బిగించే చిన్న సేఫ్, నంబరు ఇద్దరికే తెలుసు, పుట్టినరోజులు పెళ్ళిరోజులు నిషేధం.

నరసరావుపేటలో ఉన్న నాన్నగారికి ఆదివారం వీడియో కాల్‌లో విషయం చెప్పారు. ఆయన బెదిరిపోలేదు. ఆయన స్నేహితుడికి .32 రివాల్వర్ ఉంది. లైసెన్సుకి ఆ స్నేహితుడు కాళ్ళరిగేలా తిరిగితే పక్కనే ఉండి టీలు తాగిన మనిషి.

‘లైసెన్సుకి ఎన్నాళ్ళు పట్టిందిరా?’

‘ఇక్కడ కొనడానికి లైసెన్సు అక్కర్లేదు నాన్నా. ఫారం నింపి తెచ్చుకున్నాం.’

‘ఎంత సైజు?’

‘9 ఎంఎం.’

‘అది ఇక్కడ మామూలు జనానికి ఇవ్వరు, పోలీసులకీ మిలటరీకే. వచ్చేటప్పుడు పొరపాట్న పెట్టెలో పెట్టేవు.’ నాన్నగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ‘సరే, ఎలక్షన్లు వస్తే ఏ స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి? మావాడు ప్రతిసారీ టూ టౌన్‌లో ఇచ్చి రసీదు తెచ్చుకుంటాడు.’

‘ఇక్కడ ఇవ్వనక్కర్లేదు నాన్నా. ఎలక్షన్లప్పుడు కూడా ఎవరి తుపాకులు వాళ్ళ దగ్గరే ఉంటాయి.’

‘అందరి దగ్గరా?’

‘అందరి దగ్గరా.’

‘ఒరేయ్,’ అన్నారు నాన్నగారు, ‘మరి కౌంటింగ్ రోజున ఓడిపోయినవాడి ఇంటికి ఎవరు వెళ్తార్రా?’