సోమశిలకు సెట్టరు లేదు

మహారాజశ్రీ ఇంజనీరింగు పాఠ్యప్రణాళికాసంఘాధ్యక్షుల వారి సన్నిధికి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పిల్లలకు జావా చెప్పుకొని బ్రదుకు నొక ట్యూషను మాస్టరు చేసికొను విన్నపము.

అయ్యా,

క్లాసులోని ప్రతి అంశమును ప్రైవేటుగ నుంచి, ఆ వెంటనే ప్రతిదానికిని విలువను చెప్పు ఒక గెట్టరును విలువను మార్చు ఒక సెట్టరును పబ్లికుగ వ్రాసి, పైన 'ఎన్‌క్యాప్సులేషన్' అని శీర్షిక పెట్టి గీటు గీసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయుట తమ ఏలుబడిలో శాసనప్రాయముగ సాగుచున్నది. ఆ జంటలను ఎడిటరే ఒక్క మీటతో పుట్టించు ఈ కాలమున, రికార్డునిండ వానిని చేతితో నింపుట దస్తూరి కుదురుటకు మాత్రము మిక్కిలి ప్రశస్తము.

మా పొరుగుననున్న సోమశిల జలాశయమునే ఒక క్లాసుగ వ్రాయబూనుదము. పూర్తి నిల్వ సుమారు 78 టీఎంసీలు. తమ పద్ధతిలో 'సెట్‌నిల్వ' అను మెథడొకటి పుట్టును. పుట్టినది మొదలు ఏ మూలనున్న ప్రోగ్రామైనను అందులో 500 అని వ్రాయగలదు, మైనస్ 3 అనియు వ్రాయగలదు. హద్దు చూచు షరతు నొకదానిని చేర్చితిమనుకొన్నను, నిన్న 60 ఉన్నది నేడు 20 ఎట్లయ్యెనో, ఆ నీరు ఏ కాలువవెంట పోయెనో చెప్పు దిక్కుండదు. ఆనకట్టమీద నిలిచి 'నిల్వ ఇంత యగుగాక' అని శాసించిన ఇంజనీరు నేటివరకు పుట్టలేదు. పెన్న తెచ్చినది చేరును, గేట్లెత్తినంత పోవును, కొంత మా యెండకు ఆవిరియగును. నిల్వ వీని ఫలితము. కావున ఆ క్లాసునకు వలసినవి ప్రవాహమును చేర్చుకొను క్రియయు, ఉత్తర కాలువకో దక్షిణ కాలువకో కండలేరు జలాశయమునకో ఇంతయని విడుదల చేయు క్రియయు. నీరు చాలనిచో నిరాకరించుట, పోయినదానికి లెక్క వ్రాయుట ఆ క్రియలోనే జరుగవలెను. రేపు హైలెవల్ లిఫ్టు కాలువనీరు మా మెట్టకందినచో (ఈ మాటను ఉదయగిరివారు వినివిని విసిగియున్నారు, మన్నింపుడు) ప్రోగ్రామున మార్పు ఒక్కచోటనే చాలును.

గెట్టర్లపై నాకు పగ లేదు. నీటిమట్టమును వేరుగ దాచి దానికిని సెట్టరు నిచ్చితిమా, నిల్వ యొకటి చెప్పగా మట్టము వేరొకటి చెప్పును. నిల్వనుండి గణించి చెప్పు గెట్టరొకటి యున్న చాలును, అది దాచినదో గణించినదో అడిగినవానికి తెలియనక్కరలేదు. సాఫ్ట్‌వేరు శాస్త్రజ్ఞుడు బెర్ట్రాండ్ మేయరు ఈ సూత్రమును ఏనాడో గ్రంథస్థము చేసెను. గేట్ల జాబితాను ఉన్నదున్నట్లు చేతికిచ్చు గెట్టరు మాత్రము సెట్టరుకంటెను ప్రమాదకరము. పుచ్చుకొన్నవాడు దానిని ఖాళీచేసినను క్లాసునకు తెలియదు. ప్రతిని గాని, మార్చరాని జాబితాను గాని ఈయవలెను.

ఇక దాచుట విషయమున, మారగల నిర్ణయమును మాడ్యూలు లోపల దాచుమని సాఫ్ట్‌వేరు శాస్త్రజ్ఞుడు డేవిడ్ పార్నస్ 1972లో వ్రాసెను. గెట్, సెట్ అను పేర్ల కట్టుబాటు జావాలో 1990లలో జావాబీన్స్‌తో స్థిరపడినది, ఉపకరణములు వస్తువుల గుణములను గుర్తించుటకై. ఫారములకు, డేటాబేసు వరుసలకు అది నేటికిని తగినదే. తమ సిలబసున అది ధర్మశాస్త్రమైనది.

కనుక వచ్చు పరీక్షలో 'ఈ క్లాసున ఏ యంశమునకు సెట్టరు ఈయరాదు? ఏల?' అని యొక ప్రశ్న చేర్పింప వేడుచున్నాను. జవాబులు దిద్దువారు వానిని చదువవలసివచ్చును గాన, దిద్దుబాటు భత్యమును కూడ పెంప ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు