యయాతి మీటరు

పాత కారుకు వచ్చే జబ్బులు చాలావరకు యజమానిని ఏడిపిస్తాయి. క్లచ్ ప్లేటు అరిగితే ఏడుపు, ఏసీ కంప్రెసర్ పోతే ఏడుపు, రేడియేటరు కారితే మరో ఏడుపు. వచ్చినందుకు సంబరపడే జబ్బు ఒకే ఒక్కటుంది: మీటరు డిస్‌ప్లే పోవడం. బండి అమ్మే ఉద్దేశం లేనంతకాలం దాన్నెవరూ పట్టించుకోరు. స్పీడు ముల్లు తిరుగుతోంది, డీజిలు ముల్లు పడుతోంది, కిలోమీటర్ల అంకెలు కనబడకపోతే కొంపేం మునిగింది? అమ్మాలనుకున్న రోజున మాత్రం ఆ చచ్చిన గాజుముక్క కల్పవృక్షమైపోతుంది.

"డిస్‌ప్లే పోయిందండీ. మీటరు మార్పించాం. అందుకని రీడింగ్ కాస్త తక్కువ చూపిస్తోంది."

ఆ కాస్త ఎంత అని అడక్కండి. లక్షకు తక్కువుండదు.

డిస్‌ప్లే పోవడమే అబద్ధమని నేననను. నిజంగానే పోతుంది. డిజిటల్ మీటర్లు వచ్చాక అంకెలు చూపేది చాలా బండ్లలో ఒక చిన్న ఎల్‌సీడీ గాజు. దాన్ని వెనకున్న సర్క్యూట్ బోర్డుకు కలిపేది పల్చటి రిబ్బన్ కేబులో, సన్నగీతల రబ్బరు పట్టీయో. మన మే నెల ఎండలో అద్దాలు బిగించి నిలబెట్టిన కారులో ఆ అతుకు ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి వదులవుతుంది, సోల్డరింగ్ పగుళ్ళిస్తుంది. అప్పుడు అంకెల్లోంచి ఒక్కో గీతే రాలిపోతుంది. ఒక్కో అంకెకు ఏడు గీతల చోటుంటుంది. 8లో నడిమి గీత పోతే 0 అవుతుంది, పెద్ద నష్టం లేదు. అసలు వేడుక ఎడమ చివర ఉంది. అక్కడుండే 1కి ఉన్నవే రెండు గీతలు. ఆ రెండూ ఆరిపోయాయా, 1,42,360 కాస్తా 42,360 అయి కూర్చుంటుంది. కుడి చివరి గీతలు పోతే ఎవరికీ లాభం లేదు గనక వెంటనే బాగుచేయిస్తారు. ఎడమవైపు పోతే అది దైవనిర్ణయం, మనం అడ్డు రాకూడదు.

ఇందులో అందరూ తెలిసీ తెలియనట్టు నటించే సంగతి ఒకటుంది. కిలోమీటర్ల లెక్క ఆ గాజులో ఉండదు. గేర్‌బాక్సు దగ్గరో చక్రాల దగ్గరో ఉన్న సెన్సర్ పంపే పల్సులను లెక్కపెట్టుకుని, మొత్తం ఎంతయిందో ఈఈప్రామ్ అనే బుల్లి చిప్పులో రాసిపెట్టుకుంటుంది మీటరు. బ్యాటరీ పీకేసినా ఆ చిప్పు దశాబ్దాలపాటు మరచిపోదు. గాజు పగిలినా, వెలుగు ఆరినా లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. చాలా కార్లలో అదే సంఖ్యకు ఇంజన్ కంట్రోల్ యూనిట్‌లోనో, బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లోనో ఇంకో ప్రతి కూడా ఉంటుంది. కాబట్టి డిస్‌ప్లే బాగుచేయడమంటే రిబ్బన్ మళ్ళీ అతికించడం, సోల్డరింగ్ చేయడం, కాదంటే గాజు మార్చడం. పనొచ్చిన మీటరు మెకానిక్‌కు అదేం బ్రహ్మవిద్య కాదు. అంకె ఉన్నచోటే ఉంటుంది. మీటరు మొత్తాన్నే మార్చాల్సి వచ్చినా పాత లెక్కను కొత్తదాంట్లోకి ఎక్కించే పరికరాలున్నాయి. చిక్కల్లా ఆ పరికరానికి ఏ అంకె కొడితే ఆ అంకె రాయడం తప్ప నీతి తెలియకపోవడమే. పోయింది గాజు, మారింది చిప్పు. కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకోమని పంపితే పుట్టినతేదీ మార్పించుకొచ్చినట్టు.

అంబాసిడర్, ఫియట్ల రోజుల్లో ఈ పాపానికి కాస్త ఒళ్ళు వంచాల్సి వచ్చేది. లోపల అంకెల చక్రాలు, పళ్ళ చక్రాలు, గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులు. మీటరు విప్పి ఒక్కో చక్రాన్నీ వెనక్కి నెట్టాలి. ఎంత నేర్పుగా నెట్టినా ఆ తర్వాత అంకెలు ఒక వరసలో నిలబడక ఎగుడుదిగుడుగా ఉండి దొంగను పట్టించేవి. అయితే ఐదంకెల మీటర్లు 99,999 దాటగానే తమంతట తామే సున్నాకు వచ్చేవి గనక చాలామందికి అబద్ధమాడే అవసరమే ఉండేది కాదు, ఊరుకుంటే సరిపోయేది. ఇంకా వెనక్కి వెళ్తే, రెండు వేల ఏళ్ళ కిందట విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి బండికి బిగించే దూరమాపకాన్ని వర్ణించాడు. నాలుగడుగుల చక్రం 400 చుట్లు తిరిగితే మైలు, మైలుకొక గులకరాయి డబ్బాలో టంగుమని పడుతుంది. ఆ బండి అమ్మకానికి పెట్టినవాడు ముందురోజు రాత్రి డబ్బాలోంచి గుప్పెడు రాళ్ళు తీసి పారేశాడో లేదో విట్రూవియస్ రాయలేదు. నాకైతే అనుమానమే.

డిజిటల్ మీటరు వచ్చినప్పుడు తిప్పడానికి ఇక చక్రాలే లేవు కదా అని మురిసిపోయాం. చక్రాలతోపాటు సాక్ష్యం కూడా పోయింది. ఎగుడుదిగుడు అంకెల్లేవు, స్క్రూడ్రైవరు గీతల్లేవు. ల్యాప్‌టాప్ ముందు ఏసీలో కూర్చుని టీ చల్లారేలోపు బండికి పదేళ్ళ వయసు తగ్గించవచ్చు.

ఇక బజార్లో వినిపించే కథలు. ప్రతి బండి వెనకా ఒక డాక్టరుగారు ఉంటారు. ఇంటి నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి ఇంటికి. డాక్టరు దొరకని చోట బ్యాంకు మేనేజరు, రిటైర్డ్ హెడ్‌మాస్టరు, అమెరికాలో కొడుకున్న పెద్దాయన. "గుడికి తప్ప తియ్యలేదండీ." తెలుగు రాష్ట్రాల్లో ఇంతమంది కార్లు అమ్ముకునే డాక్టర్లుండగా సర్కారు ఆసుపత్రుల్లో ఖాళీలెందుకున్నాయో ఆరోగ్యశాఖ విచారించాలి.

2012 మోడల్ డీజిలు బండి, రీడింగ్ 42,000 అనుకుందాం. పదమూడేళ్ళలో 42,000 అంటే ఏడాదికి మూడు వేల చిల్లర, రోజుకు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళిరావడం 550 కిలోమీటర్లు వేసుకుంటే, ఏడాదికి ఆరుసార్లు వెళ్ళొచ్చేసరికి కోటా ఖాళీ. మిగిలిన రోజుల్లో డాక్టరుగారు క్లినిక్‌కు కూడా నడిచే వెళ్ళుండాలి. అసలు 2012లో జనం డీజిలు కార్లు ఎందుకు కొన్నారో గుర్తుందా? అప్పట్లో పెట్రోలుకూ డీజిలుకూ మధ్య లీటరుకు 30 రూపాయల దాకా తేడా ఉండేది. డీజిలు ధర మీద ప్రభుత్వం చెయ్యి తీసేసింది 2014 అక్టోబరులో. బాగా తిరిగేవాళ్ళు లెక్కలు వేసుకుని, కారు ధర లక్ష ఎక్కువైనా, నెలల తరబడి వెయిటింగ్ అన్నా, ఓపిక పట్టి డీజిలే కొన్నారు. రోజుకు తొమ్మిది కిలోమీటర్లు తిరగడానికి లక్ష అదనంగా పోసిన ఆ డాక్టరుగారి దగ్గర నేనైతే మందు చీటీ కూడా రాయించుకోను.

ఢిల్లీ బండ్ల కథ ఇంకా రుచిగా ఉంటుంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు రోడ్డెక్కకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటను నిలబెట్టింది. అలా ఎన్‌వోసీ చేతపట్టుకుని దక్షిణాదికి వలసొచ్చిన కార్లలో కొన్ని దారిలోనే వయసు తగ్గించుకున్నాయి. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు 1,500 కిలోమీటర్లు. ఇక్కడ దిగాక మీటరు చూస్తే ఆ 1,500 కాదుగదా, అంతకు ముందు తిరిగిన ఢిల్లీ రోడ్లు కూడా సగం కనబడవు.

కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. పెట్రోలు బంకులో పంపుకు సీలు. ఆటో మీటరుకు సీలు. కందిపప్పు తూకంలో తేడా వస్తే కేసు. నాలుగు లక్షల బండి ధరను తేల్చే అంకెకు మాత్రం ముద్రా లేదు, సీలూ లేదు. ఆర్సీలో ఇంజన్ నంబరుంటుంది, ఛాసిస్ నంబరుంటుంది, బండి రంగు కూడా ఉంటుంది. కిలోమీటర్లుండవు. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు నింపుతాం, ఎంత తిరిగిందని వాటిలో ఎక్కడా అడగరు. బీమావాళ్ళు బండి విలువ కట్టేది వయసును చూసి. మొత్తానికి సర్కారు రికార్డుల ప్రకారం మన కార్లన్నీ పుట్టాయి, చేతులు మారాయి, అంతేగాని ఒక్క అడుగు కూడా కదల్లేదు.

అమెరికాలో దీనికి 1972 నుంచే చట్టముంది. మీటరు రిపేరులో పాత లెక్క నిలబెట్టడం కుదరకపోతే సున్నా పెట్టి, అంతకుముందు ఎంత ఉందో, ఏ తేదీన మార్చారో రాసిన చీటీని ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. అంత కట్టుదిట్టం చేసినా ఏటా 4,50,000కు పైగా బండ్లు తప్పుడు రీడింగుతో అమ్ముడుపోతున్నాయని వాళ్ళ రహదారి భద్రతా సంస్థ అంచనా వేసింది. జర్మనీలో 2005 నుంచి మీటరు తిప్పినవాడికి ఏడాది దాకా జైలు. మన మోటారు వాహనాల చట్టంలో ఈ విద్యకంటూ విడిగా సెక్షన్ లేదు. మోసపోయామని తెలిస్తే భారతీయ న్యాయ సంహిత 318, అంటే పాతరోజుల 420, పట్టుకుని వెళ్ళాలి. అమ్మినవాడికి ఆ సంగతి ముందే తెలుసని రుజువు చేయాలి. అతను కోర్టులో ఏం చెబుతాడో నేను చెప్పనక్కర్లేదు. డిస్‌ప్లే పోయిందండీ అంటాడు.

అలాగని తిట్లన్నీ అమ్మేవాడికే పంచిపెడితే కొనేవాడికి అన్యాయం చేసినట్టవుతుంది. మన వీరుడు పాత కార్లమ్మే షెడ్డులోకి రాగానే బానెట్ ఎత్తడు, వంగి కింద చూడడు. కిటికీలోంచి తల దూర్చి "ఎంత తిరిగింది?" అంటాడు. 98,000 అంటే ముఖం వెలిగిపోతుంది. 1,02,000 అంటే మారుమాట్లాడకుండా పక్క బండి దగ్గరికి నడుస్తాడు. ఆ నాలుగు వేల కిలోమీటర్లలో ఇంజన్‌కు ఏ ప్రళయం వచ్చిపడిందో ఆయనకే తెలియాలి. హైవేల మీద లక్షన్నర తిరిగి టైముకు ఆయిలు మార్చుకున్న బండి, అమీర్‌పేట ట్రాఫిక్కులో మొదటి గేరులో యాభై వేలు ఈడ్చుకొచ్చిన బండికన్నా నయమని మంచి మెకానిక్ ఎవరైనా చెబుతాడు. మనం అడిగితే కదా! 1,60,000 అని ఉన్నదున్నట్టు చెప్పిన అమాయకుడి బండిని నెలల తరబడి ఎవరూ ముట్టుకోరు. విసిగిపోయి అతను దాన్ని షెడ్డువాడికే వచ్చినకాడికి ఇచ్చేసి పోతాడు. వారం తిరక్కుండా ఆ బండికి డిస్‌ప్లే జబ్బు చేస్తుంది. అప్పుడు మనం వెళ్ళి, బండి ఎంత ముచ్చటగా ఉందో అనుకుంటూ, ఎక్కువ ధరకు కొనుక్కొస్తాం.

శుక్రాచార్యుడి శాపంతో యయాతికి ముసలితనం వస్తే, చిన్నకొడుకు పూరుడు తన యవ్వనం తండ్రికిచ్చి ఆ ముసలితనం తాను తీసుకున్నాడని భారతం చెబుతుంది. పోయిన వయసు గాల్లో కలిసిపోలేదు, ఒకడి నెత్తిన పడింది. మీటరులో కొట్టేసిన లక్షా అంతే. కొన్ని ఇంజన్లలో టైమింగ్ బెల్టును దాదాపు లక్ష కిలోమీటర్లకు మార్చాలి. రీడింగ్ 42,000 అని నమ్మినవాడు ఇంకా బోలెడు టైముందిలే అనుకుంటాడు. బెల్టుకు డిస్‌ప్లే కనబడదు కదా. అది తన లెక్కన తాను సూర్యాపేట దాటాక తెగుతుంది. వాల్వులు వంగుతాయి, పిస్టన్లు దెబ్బతింటాయి, రిపేరు బిల్లు బండి ధరలో వాటా అడుగుతుంది. ఆ పూరుడికి చివర్లో రాజ్యమైనా దక్కింది. టోయింగ్ బండి కోసం హైవే పక్కన నిలబడ్డ ఈ పూరుడికి దక్కేది ఎండ.

పట్టుకునే మార్గాలు లేకపోలేదు. కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళిన బండయితే ఏ తేదీన ఎంత రీడింగుతో వచ్చిందో అక్కడి కంప్యూటరులో ఉంటుంది, యజమాని చేత అడిగించవచ్చు. టైరు పక్కగోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 1419 అంటే 2019లో 14వ వారం. క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, స్టీరింగ్ నునుపు, డ్రైవరు సీటు అంచు కూడా నోరున్న సాక్షులే. కాకపోతే ఇవన్నీ మనకన్నా ముందు బజారుకు తెలుసు. అందుకే 42,000 బండికి పెడల్ రబ్బర్లు కొత్తవి, స్టీరింగ్‌కు కొత్త తొడుగు, సీట్లకు కొత్త కవర్లు. సర్వీసు పుస్తకం మాత్రం "ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయిందండీ." డాక్టరుగారు ఇల్లు మారారు మరి, నడుచుకుంటూ.

ఇన్ని పరీక్షలు పెట్టే ఓపిక లేనివాళ్ళు ఒక్క పని చేసి చూడండి. బేరం కుదిరాక, అడ్వాన్సు చేతిలో పెట్టేముందు, "ఈ రీడింగ్ నిజమేనని కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అనండి. గంటసేపు గుడికీ క్లినిక్‌కూ మధ్య మనల్ని తిప్పినాయన గుటకలు మింగుతాడు. ముందద్దం మీద తెల్లరంగుతో జానెడు అంకెల్లో 42,000 అని రాయించినవాడికి అదే సంఖ్య కాగితం మీద రాయడానికి చెయ్యి రాదు. పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, "రాయడానికేముందండీ" అంటాడు, "డిస్‌ప్లే కాస్త వీకుగా ఉంది, రేపు పొద్దున అది ఎంత చూపిస్తుందో నేనెట్లా చెప్పేది?"