పగలొకటి, రాత్రొకటి లెక్క గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాదాపూర్ టీ బండ్ల దగ్గర మీకున్న పరపతి చూస్తే హైకోర్టు లాయర్లకు కూడా కన్ను కుట్టాలి. ఎవరికో శిక్ష పడిందని ఫోన్లో వార్త మోగితే చాలు, మీరు హాజరు. "ఏడేండ్లంటే మూడున్నరే భాయ్, జైల్ల పగలొకటి, రాత్రొకటి లెక్క." కోడ్‌లో ఒక్క చుక్క తేడా వస్తే తెల్లవార్లూ వెతికే మావాళ్లు మీ మాటకొచ్చేసరికి మారు మాట్లాడకుండా తలూపుతారు.

మీరు ఏ చట్టంలోనూ లేరు. జైల్లోనూ రోజంటే 24 గంటలే. సత్ప్రవర్తనకూ చేసిన పనికీ నెలకు కొన్ని రోజుల చొప్పున రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు, దొరికే మాట నిజం, కానీ అది సగానికి సగం కాదు. మీ తమ్ముడొకాయన ఉన్నాడు, "యావజ్జీవమంటే పద్నాలుగేళ్లే" అంటూ తిరుగుతుంటాడు. ఉరిశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడితే 14 ఏళ్లు లోపల గడపనిదే వదలకూడదని 1978లో చట్టంలో చేర్చారు. అది విడుదల తేదీ కాదు. ప్రభుత్వం ఒప్పుకోకపోతే ప్రాణమున్నంతకాలం లోపలే.

ఇంతవరకైతే ఊరుకునేవాణ్ని. ఊళ్లో పుకార్లకేం కొదవ? కానీ మీరు అసలు లెక్కకు అడ్డంగా నిలబడుతున్నారు.

ఆ లెక్క మీ బండికి కూతవేటు దూరంలోనే ఉంది. ఇన్ఫోసిటీలో ఇవాళ టెక్ మహీంద్రా బోర్డున్న చోట ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ ఉండేది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ ఖాతాల్లో చూపిన లెక్కలు బూటకమని లేఖ రాశారు. 9న అరెస్టయ్యారు, తర్వాత చంచల్‌గూడ జైలు. 2010 ఆగస్టులో హైకోర్టు బెయిలిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. నవంబరులో మళ్లీ లోపలికి. ఏడాది తిరిగాక, 2011 నవంబరులో, సుప్రీంకోర్టే బెయిలిచ్చి పంపింది. మధ్యలో నెలల తరబడి నిమ్స్ ఆసుపత్రిలో చికిత్స, అదీ కస్టడీలోనే. మొత్తం రెండున్నరేళ్ల పైచిలుకు. అప్పటికి ఆయన దోషి అని ఏ కోర్టూ అనలేదు.

2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు ఆయనతో కలిపి పదిమందిని దోషులుగా తేల్చి, ఏడేళ్ల కఠిన శిక్ష వేసి చర్లపల్లికి పంపింది. మే 11న సెషన్స్ కోర్టు అప్పీలు తేలేదాకా ఆ శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది. తీర్పుకు ముందు రెండున్నరేళ్లు, తీర్పు తర్వాత నెల రోజులు! విచారణలో గడిపిన కాలం శిక్షలో చెల్లవుతుంది కాబట్టి ముందు రోజులేమీ వృథా కావనుకోండి. కానీ ఇందులో పగలూ రాత్రీ ఎక్కడున్నాయి? బెయిలు ఎప్పుడొచ్చింది, అప్పీలు ఎప్పుడు వేశారు, తీర్పుకు ఎన్నేళ్లు పట్టింది... మనిషి లోపలుండే కాలాన్ని తేల్చినవి ఇవి. పేపర్లో పెద్దక్షరాల్లో పడిన ఏడుకు ఇక్కడ పెద్ద పనేం లేదు.

రాజుగారికి మంచి లాయర్లున్నారు. లేనివాళ్ల సంగతి? జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. మీ మాట విని నవ్వే క్యాబ్ డ్రైవర్ మీద రేపు మామూలు దొంగతనం కేసు పడిందనుకుందాం. దానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. బెయిలొచ్చినా పూచీకత్తు ఇచ్చేవాళ్లు దొరకలేదు. 2024 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం, అంతకుముందు శిక్షలేవీ పడనివాణ్ని గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిచాక సొంత బాండు మీద వదలాలి. అంటే ఏడాది. ఎవరైనా పట్టించుకుని దరఖాస్తు కదిపితే ఆ ఏడాదికి బయటపడతాడు. తర్వాతెప్పుడో తీర్పొచ్చి ఆర్నెల్లు శిక్ష వేస్తారు.

సగం చేయడంలో మీరు సిద్ధహస్తులు. అతను అదనంగా గడిపిన ఆర్నెల్లను ఎవరి ఖాతాలో రాయాలో కూడా ఆ బండి దగ్గరే చెప్పండి.