గెలిచినవాడి ఏడుపు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మనవాళ్ళంటారు. ఈ మాట గట్టు తగాదాలకే పనికొస్తుందనుకునేవాణ్ణి. వియత్నాం సంగతి చదివాక దేశాలకూ పనికొస్తుందని తెలిసింది.

1975 ఏప్రిల్ 30 తెల్లవారుజామున అమెరికా రాయబారి మడిచిన జెండా పట్టుకుని దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో హెలికాప్టర్ ఎక్కాడు. పొద్దెక్కాక ఉత్తర వియత్నాం ట్యాంకులు అధ్యక్ష భవనం గేటు విరగ్గొట్టుకుని లోపలికెళ్ళాయి. ఎవరు గెలిచారో పలక పట్టుకున్న పిల్లాడైనా చెబుతాడు. ఎవరు ఎవరికి బాకీ పడ్డారో తేల్చడానికి మాత్రం ఇరవై ఏళ్ళు పట్టింది. తేలిందేమిటయ్యా అంటే, గెలిచినవాడే బాకీ.

ఆషామాషీగా తేల్చలేదు. విదేశాల్లో ఆస్తులు పోగొట్టుకున్న తమవాళ్ళ గోడు వినడానికి అమెరికాలో ఒక దావాల కమిషన్ ఉంది. 534 దావాలు దాని ముందుకొచ్చాయి. 1986 నాటికి వాటిలో 192 నిలబడ్డాయి, నష్టం 9 కోట్ల 94 లక్షల డాలర్లని తేలింది. 1995 జనవరి 28న హనోయిలో ఒప్పందం మీద సంతకాలయ్యేసరికి వియత్నాం కట్టాల్సింది 20 కోట్ల 85 లక్షలైంది. మధ్యలో పెరిగినదాంట్లో ఎక్కువ భాగం వడ్డీయే. తుపాకులు మూగబోయిన నాటినుంచి అది మాత్రం నడుస్తూనే వచ్చింది.

ఈ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో వింటే మన పాత గ్రామ మునసబులు కూడా ముక్కున వేలేసుకుంటారు. సైగాన్ పడిపోగానే తమ బ్యాంకుల్లో ఉన్న వియత్నాం సొమ్మును అమెరికా కట్టిపడేసింది. మన భాషలో చెప్పాలంటే బందెలదొడ్డికి తోలింది. ఇరవై ఏళ్ళ తర్వాత తలుపు తీసి, జుల్మానా కింద పశువులో సింహభాగం కోసుకుని, మిగిలింది తోలుకుపొమ్మంది. రైతు దండం పెట్టి తోలుకుపోయాడు. ఎందుకు పెట్టడు? అవతల ఆంక్షలు అప్పుడప్పుడే సడలాయి, అంగడి తెరుచుకుంటోంది. ఆ జూలైలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దౌత్య సంబంధాలు ప్రకటించాడు.

పైగా ఇంకో పద్దుంది. ఓడిపోయి, పటంలోంచే చెరిగిపోయిన దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఒకప్పుడు అమెరికా దగ్గర అప్పు తీసుకుంది. ఆ ప్రభుత్వాన్ని కూలదోసినవాళ్ళే ఆ అప్పు తీరుస్తామని ఒప్పుకున్నారు. 1997లో సంతకం, 14 కోట్ల 50 లక్షల డాలర్లు. శత్రువును ఓడించి, అతని కిరాణా ఖాతా కూడా మనమే తీర్చడమన్నమాట. న్యాయంగా ఒక మాట చెప్పాలి: తర్వాత అమెరికా చట్టసభ ఈ వసూళ్ళలోంచి కొంత తీసి వియత్నాం పిల్లలకు స్కాలర్‌షిప్పులు పెట్టింది. వాళ్ళు వెళ్ళి చదివింది అమెరికా విశ్వవిద్యాలయాల్లోనే కాబట్టి ఆ డాలర్లకు ఎక్కువ దూరం ప్రయాణించే శ్రమ తప్పింది.

మరి అవతలి పద్దు? లేకేం, ఉంది. 1973 ఫిబ్రవరి 1న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర వియత్నాం ప్రధాని ఫామ్ వాన్ డాంగ్‌కు హనోయికి ఉత్తరం రాశాడు. పునర్నిర్మాణానికి అయిదేళ్ళలో 325 కోట్ల డాలర్ల దాకా సాయం అందుతుందన్నది దాని సారాంశం. హనోయివాళ్ళు ఆ ఉత్తరాన్ని ప్రాంసరీ నోటులా భద్రంగా దాచుకున్నారు. 1977లో చర్చలకు కూర్చున్నప్పుడు ఏదయ్యా మా డబ్బంటే, అది హామీ కాదు పొమ్మన్నారు అవతలివాళ్ళు. 192 దావాల రసీదులకు వడ్డీ పుట్టింది. అధ్యక్షుడు రాసిన కాగితానికి అసలే పుట్టలేదు.

విషం లెక్కా అంతే. 1961 నుంచి పదేళ్ళపాటు ఏడు కోట్ల లీటర్లకు పైగా ఆకురాల్చే మందు వియత్నాం అడవుల మీద, పొలాల మీద పోశారు. ఆ మందు తగిలి జబ్బుపడ్డామన్న అమెరికా సైనికులకు 1984లో తయారీ కంపెనీలు రాజీపడి 18 కోట్ల డాలర్లు ఇచ్చాయి. వియత్నాం బాధితులు కూడా అమెరికా కోర్టుకే వెళ్ళారు. 2005లో ఆ కేసును కొట్టేశారు. కొట్టేసిన జడ్జి, 1984 రాజీ కుదిర్చిన జడ్జి ఒకరే.

ఇంత వెటకారం చేస్తున్నవాణ్ణి ఒకచోట మాత్రం నోరు మూసుకోవాలి. హనోయికి అమెరికా పంపిన మొదటి రాయబారి పీట్ పీటర్సన్. యుద్ధ విమానం కూలి, ఆ దేశంలోనే ఆరేళ్ళకు పైగా ఖైదీగా ఉన్న మనిషి. 1997లో సూటు వేసుకుని అక్కడే దిగి, జనంతో చేతులు కలిపాడు. ఏ కమిషనూ లెక్కకట్టలేని ఆస్తి ఆయన దగ్గరేదో ఉండి ఉండాలి.

మళ్ళీ మన ఆస్తి తగాదాకు వద్దాం. ఒప్పందం ప్రకారం సైగాన్‌లోని పాత రాయబార కార్యాలయం అమెరికాకు తిరిగొచ్చింది. 1998లో దాన్ని కూలగొట్టారు. కూలగొట్టేముందు డాబా మీద హెలికాప్టర్ దిగేచోటికి ఎక్కే ఇనుప మెట్లను జాగ్రత్తగా ఊడదీసి, సముద్రాలు దాటించి, మిచిగాన్‌లోని ఫోర్డ్ మ్యూజియంలో నిలబెట్టారు. పారిపోయిన నిచ్చెనను కూడా వదులుకోకపోవడమంటే ఇదీ. ఆస్తి మీద అంత మమకారం ఉండాల్సిందే.

అందుకే నాదొక చిన్న సందేహం. క్వాంగ్‌త్రి రాష్ట్రంలో రైతు పలుగు వేస్తే ఇప్పటికీ పేలని బాంబు ఖంగుమంటుంది. అది తయారైంది అమెరికాలో, కొన్నది అమెరికా ఖజానా సొమ్ముతో. ఎలా చూసినా వాళ్ళ ఆస్తే, వియత్నాం నేలలో చిక్కుకుపోయింది. మరి ఆ 192 దావాల్లో ఒక్కటైనా వాటి కోసం ఎందుకు లేదో!