ఆవిష్కరించాం, ఇక చదవక్కర్లేదు

డిసెంబరు వచ్చిందంటే మన కవులకు మంచి ముహూర్తాలు మొదలవుతాయి. హైదరాబాదులో పుస్తక ప్రదర్శన, అది ముగిసీ ముగియకముందే బెజవాడలో మరొకటి. ఆలోపు సంపుటి అచ్చయి తీరాలి. త్యాగరాయ గానసభలోనో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో హాలు దొరికితే చాలు, చివరి నాలుగు కవితలు ప్రూఫులు దిద్దుతూ రాసుకోవచ్చు. కవిత రాకపోయినా పర్వాలేదు, హాలు తేదీ పోతే మళ్ళీ రాదు.

తర్వాత ఆహ్వాన పత్రిక. అందులో పేర్లు లెక్కపెడితే సభకు ఎంతమంది వస్తారో తెలిసిపోతుంది, ఎందుకంటే వచ్చేది వాళ్ళే. అందుకే తెలివైన కవి పత్రికను పెద్దది చేస్తాడు: సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, పుస్తక పరిచయకర్త, తొలి ప్రతి స్వీకర్త. కుర్చీ ఇచ్చి మైకు ఇవ్వని వాళ్ళకు ఆత్మీయ అతిథి పదవి ఎలాగూ ఉంది. వేదిక నిండితే హాలు నిండినట్టే. ఫొటోగ్రాఫరు ఎలాగూ వేదిక వైపే తిరిగి ఉంటాడు.

ముఖ్య అతిథి కారులో వస్తూ ముందుమాట చదువుకుంటాడు. విశిష్ట అతిథీ అదే చదువుతాడు. అందువల్ల ఉపన్యాసాలన్నిటికీ ఒకే పోలిక వస్తుంది. మూడో వక్త లేచి ‘నేను చెప్పాలనుకున్నవన్నీ ముందువారు చెప్పేశారు’ అంటే అది మర్యాద కాదు, పచ్చి నిజం. ఆపైన కవితో తన పరిచయం ఎలా మొదలైందో అరగంట చెబుతాడు. ముఖచిత్రం బాగుందంటాడు.

ముందుమాటల చరిత్ర ఒకసారి చూడండి. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు చలం ‘యోగ్యతాపత్రం’ అనే ముందుమాట రాసింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో. పదేళ్ళు ముందుమాటే పుస్తకం కోసం ఎదురుచూసింది. ఇప్పుడు పుస్తకమే ముగ్గురు పెద్దల ముందుమాటల కోసం డీటీపీలో పడిగాపులు కాస్తోంది. ముగ్గురూ రాశాక, ఎవరి పేరు ముందు వేయాలన్న సమస్యతో ఇంకో నెల.

అసలు మనవాళ్ళకు సభ చేయడం రాదని ఎవరన్నారు? 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966లో రెండోది బెజవాడలో, హోటల్లో పనిచేసే జంగాల చిట్టి చేతుల మీదుగా. 1968లో మూడోది విశాఖలో, ఒక బిచ్చగత్తె చేత. పుస్తకం చదివి వచ్చావా అని పాండును ఎవరూ అడిగి ఉండరు. ఇప్పటి ముఖ్య అతిథినీ ఎవరూ అడగరు. ఎన్ని ఉద్యమాలు మారినా ఆ ఒక్క సంప్రదాయం చెక్కుచెదరలేదు.

కవుల సంఖ్య మీద నాకు ఫిర్యాదు లేదు. ఎన్.గోపి నానీలు పుట్టించినప్పుడు నాలుగు పాదాలు, ఇరవై నుంచి పాతిక అక్షరాలు అని ఒక హద్దు పెట్టారు. అంత చిన్నదే కదా అని ఊరూరా మొదలుపెట్టారు. శాలువా కప్పించుకుంటూనే ఒకటి పూర్తిచేయగల సమర్థులున్నారు. ఉగాది కవిసమ్మేళనానికైతే కోయిలా వేపపూతా కరువు లేకుండా వస్తాయి. తన వంతు కాగానే కవికి బస్సు టైమవుతుంది. ఆఖరి కవి మాత్రం మైకువాడికి చదివి వినిపించి పోతాడు.

ఇంతకీ ప్రతులు ఎటు పోతాయి? ప్రచురణకర్త కవే, పెట్టుబడి ఆయన జీతమో పీఎఫ్ డబ్బో. కొన్ని ‘ఆత్మీయంగా’ అని సంతకం పెట్టి పంచుతాడు. ఆ ఆత్మీయతలో కొంత, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరుకుతుంది. కొన్ని పత్రికలకు వెళ్ళి ‘అందిన పుస్తకాలు’ శీర్షికలో పేరు, వెల, పేజీలతో సరిపెట్టుకుంటాయి. (మా పత్రికా అంతే, దాచడమెందుకు.) ఇంకొన్ని అవార్డులకు. పోటీకి నాలుగేసి ప్రతులు పంపాలి, తిరిగి ఇవ్వబడవు. ఆ లెక్కన న్యాయనిర్ణేతలే మన కవిత్వానికి అతిపెద్ద పాఠకవర్గం. అవార్డు వచ్చిన కవి మరుసటి ఏడాది తానే న్యాయనిర్ణేత అవుతాడు. అంతటితో ఆయన చదువరితనం కూడా ఖాయం.

నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ కట్టల్లో మంచి కవిత్వం ఉంది. పాలమూరు వలస మీదా, శ్రీకాకుళం సముద్రం మీదా తమ యాసలోనే రాస్తున్న పిల్లలున్నారు. వాళ్ళకు శాలువాలకు లోటు లేదు, తగవు పెట్టుకునేవాడే లేడు. 1993లో స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవితల సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ వచ్చిన రోజులు గుర్తున్నవాళ్ళు చెబుతారు. స్త్రీలు ఇలా రాయొచ్చా, ఇది కవిత్వమేనా అని పత్రికల్లో, సభల్లో, టీకొట్ల దగ్గర ఎంత రగడ! తిట్టాలంటే చదవాలి. పొగడటానికి అట్ట చూస్తే చాలు.

కనుక ఈసారి ఏ కవైనా సంచీలోంచి సంపుటి తీసి చేతిలో పెడితే, దయచేసి ఉచితంగా తీసుకోకండి. వెల అడగండి, ఇచ్చేయండి. డబ్బు పోసి కొన్న మొండితనంతోనైనా నాలుగు పేజీలు తిప్పుతారు. నచ్చకపోతే ఆ ముక్క ఆయనకే ఫోన్ చేసి చెప్పండి.